తేదీ గడిలో తిథి

2023 అక్టోబరు 21, శనివారం. అవనిగడ్డలో తెల్లారుజామున మొదటి బస్సెక్కి మా అక్క మనవణ్ణి వెంటబెట్టుకుని బెజవాడ వచ్చింది. చేతిసంచిలో కొత్త పలక, బలపాల డబ్బా, అంచులకు పసుపు రాసిన చిన్న చొక్కా. దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి కొండ మీద అమ్మవారిని సరస్వతీదేవి అలంకారంలో పిల్లాడికి చూపించి, ఆ రోజే ఓనమాలు దిద్దించాలని ఆమె కోరిక. వినాయకుడి గుడి దగ్గర క్యూలో నిలబడ్డ గంటకి ముందున్నావిడ చెప్పింది. సరస్వతీ అలంకారం నిన్ననే అయిపోయిందమ్మా, ఈ రోజు లలితా త్రిపురసుందరి అని.

అక్క నాకు ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, నీరసం ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, సప్తమి ఇరవై ఒకటి అని ఫోన్లో చూశానురా. సరస్వతీ పూజ సప్తమి నాడేనని కూడా అక్కడే రాసుంది. పిల్లాడికి నిద్ర చెడగొట్టి మరీ తెచ్చాను."

అక్క చూసింది తప్పని అనలేం. సప్తమి ఇరవై ఒకటినే. దేశంలో చాలాచోట్ల సరస్వతీ పూజ సప్తమి నాడు చేసే మాటా నిజమే. మన ఇంద్రకీలాద్రి మీద మాత్రం ఆ అలంకారం తిథిని బట్టి నడవదు, మూలా నక్షత్రాన్ని బట్టి నడుస్తుంది. అది అమ్మవారి జన్మనక్షత్రమని మనవాళ్ల నమ్మకం. రాష్ట్ర ప్రభుత్వం తరఫున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చేదీ ఆ రోజే. ఆ ఏడు మూల 19 రాత్రి వచ్చి 20 రాత్రి వెళ్లిపోయింది. సప్తమి 20 బాగా పొద్దుపోయాక మొదలై 21 రాత్రి దాకా ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడలేదు. ఈ ముక్క మా వన్ టౌన్‌లో పూలమ్మే ఏ అమ్మనడిగినా చెబుతుంది. అక్క చూసిన పేజీకి మాత్రం తెలియదు.

ఆమె చూసింది పెద్ద వ్యాసమేమీ కాదు. పేజీ పైన ఓ పక్కగా ఉండే చిన్న పెట్టె. పండగ పేరు, బొమ్మ, ఎవరు చేసుకుంటారు, ఎప్పుడొస్తుంది అని నాలుగైదు వరసలు. దాన్ని తెలుగు వికీపీడియాలో సమాచారపెట్టె అంటాం. నేను రాత్రిపూట కూర్చుని నింపేవి ఇలాంటి పెట్టెలే.

నా పని గుమాస్తాగిరీ. వన్ టౌన్‌లో ఓ హోల్‌సేల్ బట్టల కొట్టులో ముప్పై ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను. మొదట ఎర్రగుడ్డ బైండు పుస్తకాల్లో రాశాను, ఇప్పుడు కంప్యూటర్లో. గడికి తగ్గ అంకె గడిలో పడాలి, తేలని బాకీని తేలినట్టు రాయకూడదు, ఖాళీ గడిని చూసి సిగ్గుపడకూడదు. నన్ను పనిలో పెట్టిన పెద్దాయన మొదటి రోజు నేర్పినవి ఇవే. వికీలో పెట్టె నింపడం నాకు తేలిగ్గా పట్టుబడింది అందుకేననుకుంటాను.

పట్టుబడిన చోటు కూడా మా పేటే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని పదేళ్ల పండగ 2014 ఫిబ్రవరిలో కొత్తపేటలోని కె.బి.ఎన్. కాలేజీలో జరిగింది. కొట్టు నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వికీ రచయితలు, ఒకరి మొహం ఒకరు అప్పటిదాకా చూడనివాళ్లు, అక్కడ పక్కపక్కన కూర్చున్నారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరిట పురస్కారాలిచ్చారు. ఆయన మన పెనుగంచిప్రోలులో పుట్టినవారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, అకారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఒక్కరి చేతుల్లో ఆగిపోయిన పనిని ఇప్పుడు వందల మంది తలా ఒక గడి నింపుతూ సాగిస్తున్నారన్న ఆలోచన ఆ రోజు నన్ను పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

పెట్టె లోపల ఏముంటుందో కాస్త చెబుతాను.

వ్యాసంలో "మార్చు" నొక్కితే పైన రెండేసి మీసాల బ్రాకెట్లు కనిపిస్తాయి. వాటి మధ్య మూస పేరు, దాని కింద వరసగా నిలువుగీతలు. ఒక్కో నిలువుగీత ఒక్కో గడి. గీత తర్వాత గడి పేరు, సమానం గుర్తు, ఆ తర్వాత మనం రాసే సంగతి. చివర మళ్లీ రెండు మీసాలు మూయాలి. ఒక్క మీసం తక్కువైనా పెట్టె పెట్టెగా కనబడదు, లోపలి గీతలూ గుర్తులూ వ్యాసం నెత్తిన చిందరవందరగా బయటపడతాయి. అందుకే ప్రచురించే ముందు "మునుజూపు" నొక్కి చూసుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట నేర్పేది అదే.

మూస అన్నది కంసాలి మాట. కరిగిన లోహం మూసలో పోస్తే దాని ఆకారమే వస్తుంది. ఇక్కడా అంతే. పెట్టె రూపురేఖలు ఒక్కచోట, ఒక్క పేజీలో ఉంటాయి. పండగ వ్యాసాలన్నీ దాన్ని పిలిచి, తమ సంగతులు అందులో పోస్తాయి. మూస పేజీలో ఒక గీత మందం మారిస్తే అన్ని పండగల పెట్టెలూ మారతాయి. కాబట్టి మూస మీద చెయ్యి వేసేముందు చర్చ పేజీలో నలుగురినీ అడగడం మర్యాద. మనం మామూలుగా చేసే పని మూసను కదపడం కాదు, గడులు నింపడం.

సెలవులకూ పండగలకూ కలిపి ఒకే మూస ఉంది. ఇంగ్లిషు వికీలో పుట్టి, మన దగ్గరికీ ఇంకెన్నో భాషలకూ వచ్చింది. గడుల పేర్లు లోపల ఇంగ్లిషులోనే ఉంటాయి: హాలిడే నేమ్, టైప్, ఇమేజ్, అబ్జర్వ్‌డ్ బై, సిగ్నిఫికెన్స్, బిగిన్స్, ఎండ్స్, డేట్, ఫ్రీక్వెన్సీ. అవి యంత్రానికి. పాఠకుడికి కనబడేది మనం తెలుగులో రాసేదే. అందులో పేరు, రకం గడుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ పుట్టిన చోటి వాసన కొన్ని గడులకు అంటుకునే ఉంది. లిటర్జికల్ కలర్ అని ఒకటుంది. చర్చి ఆరాధనలో ఆ పండగ నాడు గురువులు ధరించే వస్త్రం రంగు అక్కడ రాయాలి. నేను బట్టల కొట్టువాణ్ణి. నవరాత్రుల్లో ఏ రోజు అమ్మవారికి ఏ రంగు చీర కడతారో నాకు నోటికొచ్చు. ఆ గడిలో ఆ రంగులన్నీ రాసేయాలని ఎన్నిసార్లు చెయ్యి వెళ్లిందో! రాయలేదు. ఆ గడి అడిగే ప్రశ్న వేరు. రంగుల సంగతి వ్యాసం లోపల పేరాలో చెప్పుకోవచ్చు.

అసలు కథంతా తేదీ గడిలో ఉంది.

ఆ గడి పుట్టినచోట పండగలకు చాలావరకు నిలకడైన తేదీలు. క్రిస్మస్ డిసెంబరు 25. అమెరికావాళ్ల థాంక్స్ గివింగ్ నవంబరులో నాలుగో గురువారం. ఇలాంటి లెక్క మూసకు ఒకసారి చెబితే చాలు, ఏటేటా తేదీ అదే తేల్చుకుంటుంది. మా ఊళ్లోనూ ఒక పండగ ఇలాగే కుదురుగా ఉంటుంది. గుణదల మేరీమాత ఉత్సవం ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. 1924లో ఫాదర్ అర్లాటి గుణదలలో మేరీమాత విగ్రహం ప్రతిష్ఠించారు. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో మేరీమాత దర్శనమిచ్చినట్టు చెప్పే రోజు ఫిబ్రవరి 11. అందుకే ఆ తేదీ కదలదు. ఆ గడి నింపడానికి నాకు నిమిషం పట్టింది.

పీర్ల పండగ దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ముహర్రం పదో రోజు అన్నది స్థిరం. కానీ హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే. కాబట్టి మన క్యాలెండరులో అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై 17, 2025లో జులై 6. సుమారు 33 ఏళ్లకు అన్ని ఋతువులూ చుట్టి మళ్లీ మొదటికొస్తుంది. పైగా నెలవంక కనబడాలి. కనబడక ముందే వచ్చే ఏటి తేదీని ఖాయంగా రాస్తే అబద్ధం రాసినట్టే. "నెలవంకను బట్టి" అని పక్కన చేర్చాలి.

ఇక మన తిథులు. ఇంట్లో వెంకట్రామా క్యాలెండరు చూసి ముహూర్తాలు పెట్టుకునే మనకు కూడా తిథి రోజు కంటే ఎందుకు పెద్దదో, చిన్నదో ఎవరూ విడమరిచి చెప్పరు. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి అయినట్టు. చంద్రుడి నడక అన్ని రోజులూ ఒకే వేగంతో ఉండదు. దాంతో ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, ఇంకోటి 26 గంటల పైన సాగవచ్చు. సూర్యోదయం మాత్రం 24 గంటలకోసారే. అందుకని ఒక్కో తిథి రెండు సూర్యోదయాలు చూస్తుంది, ఒక్కోటి ఒక్క సూర్యోదయమూ చూడకుండానే జారిపోతుంది. 2025లో ఆశ్వయుజ శుద్ధ తదియ సెప్టెంబరు 24నా ఉంది, 25 పొద్దునా ఉంది. దాంతో కొండ మీద ఉత్సవం పదకొండు రోజులైంది. 25న కాత్యాయనీ దేవి అలంకారం అదనంగా వచ్చింది. "దసరా పది రోజులు" అని ఎండ్స్ గడిలో గట్టిగా రాసి ఉంటే, ఆ ఏడు గుడే మన పెట్టెను కాదనేది.

2023లో ఇంకో చిక్కు. దశమి 23 సాయంత్రం వచ్చి 24 మధ్యాహ్నం దాకా ఉంది. విజయదశమి 23నా, 24నా? కొండ మీద 23నే పొద్దున మహిషాసురమర్దిని, మధ్యాహ్నం నుంచి రాజరాజేశ్వరి అలంకారాలు చేసి, సాయంత్రం తెప్పోత్సవం జరిపారు. ఉత్తరాదిన 24న రావణ దహనాలు చేశారు. రెండు తేదీలకూ శాస్త్రం ఉంది. ఇలాంటప్పుడు ఒక తేదీ కొట్టేసి ఇంకోటి రాస్తే, అవతలివారు వచ్చి మనది కొట్టేస్తారు. పేజీ చరిత్రంతా ఆ కొట్టివేతలతోనే నిండుతుంది. 2020 వేరే సంగతి. ఆ ఏడు ఆశ్వయుజం అధికమాసం పడింది. మహాలయ అమావాస్య వెళ్లిన నెలకు గానీ నవరాత్రులు మొదలుకాలేదు, అక్టోబరు 17న.

ఇవన్నీ చూశాక నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. తేదీ గడిలో ముందు తిథి రాస్తాను: "ఆశ్వయుజ శుద్ధ దశమి" అని. ఉత్సవానికి నక్షత్రం ప్రధానమైతే నక్షత్రం. అదీ పండగ చిరునామా. ఇంగ్లిషు తేదీ ఆ ఏటికి ఆ ఇంట్లో దిగిన అద్దె మనిషి. మూసలో ఏడాదికొక గడి ఉంటుంది. అందులో ఆ ఏటి తేదీ రాసి, మూలం జోడిస్తాను. మూలమంటే ఆ సంగతి మనకు ఎక్కడ తెలిసిందో చూపే ఆధారం, పత్రికలో వచ్చిన దేవస్థానం ప్రకటన లాంటిది. రెండు తేదీలుంటే రెండూ రాసి, ఏది ఎక్కడ పాటిస్తారో చెబుతాను. ఈ ఏటి గడి నింపకుండా పాత ఏటిది వదిలేయడం కొట్టులో పాత ధరల చీటీ తీయకపోవడం లాంటిది. కొనేవాడు నమ్మి వస్తాడు.

ఎందుకింత పట్టింపు అని మా కొట్టు కుర్రాడు అడిగాడు ఒకసారి. జనం వ్యాసం చదవరు, పెట్టె చూస్తారు. ఫోన్లో "దసరా ఎప్పుడు" అని అడిగితే టక్కున వచ్చే జవాబు కూడా ఇలా గడులుగా పేర్చి ఉన్న సమాచారాన్నే వెతుక్కుంటుంది. యంత్రానికి పేరా అర్థం చేసుకోవడం కంటే గడి చదవడం తేలిక. 2012 నుంచి వికీడేటా అని గడుల కోసమే ఒక ఖజానా నడుస్తోంది. అందులో ఒకచోట రాసిన సంగతిని వేరే భాషల పెట్టెలు కూడా తీసుకోగలవు. అంటే వన్ టౌన్‌లో కూర్చుని నేను సరిగ్గా రాస్తే అది మలయాళంలోనూ సరిగ్గా కనబడవచ్చు. తప్పు రాస్తే తప్పు కూడా అంతే దూరం పోతుంది.

"ఎవరు జరుపుకుంటారు" అనే గడి ఇంకో పరీక్ష. చూడ్డానికి ఒక్క మాటతో అయిపోయేలా ఉంటుంది: హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు. మా వైపు బతికినవాడికి ఆ ఒక్క మాట రాయడానికి మనసొప్పదు. గుణదల కొండ మెట్ల మీద కొబ్బరికాయలు పట్టుకుని, తలనీలాలు ఇచ్చి ఎక్కేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో చూసినవాడు "క్రైస్తవులు" అని రాసి ఊరుకోలేడు. కృష్ణా జిల్లా పల్లెల్లో పీర్లు లేచినప్పుడు నీళ్లు వారపోసేవాళ్లు, ఊదు పొగకు తల వంచేవాళ్లు అన్ని ఇళ్లవాళ్లూ. మా చిన్నప్పుడు నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని పీర్ల గుండం దగ్గరికి తీసుకెళ్లాడు. నిప్పుల వేడి మొహానికి కొట్టిన గుర్తు ఇప్పటికీ ఉంది. అందుకని నేను "ప్రధానంగా ముస్లింలు, ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో హిందువులు కూడా" అని రాస్తాను. గడి కాస్త పొడుగవుతుంది, అవనివ్వండి. దానికీ మూలం పెట్టాలి, నా జ్ఞాపకం మూలం కాదు. జానపద సంస్కృతి మీద పుస్తకాలు తిరగేసి ఆధారం వెతికి పెట్టిన రాత్రులున్నాయి.

బొమ్మ గడి గురించి ఒక్క మాట. పేపర్లో వచ్చిన ఫొటో, ఎవరిదో వాట్సాప్ ఫొటో ఎక్కించకూడదు. అది తీసినవాళ్ల సొత్తు. మనం తీసిందైతే మనమే స్వేచ్ఛా లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు, ప్రపంచంలో ఎవరైనా వాడుకుంటారు. ఓ విజయదశమి సాయంత్రం నేను ప్రకాశం బ్యారేజీ మీద రెండు గంటలు నిలబడ్డాను, తెప్పోత్సవంలో అమ్మవారి హంసవాహనం ఫొటో కోసం. వెనక నుంచి జనం తోస్తున్నారు, చెయ్యి ఆనించడానికి రెయిలింగు తప్ప ఏమీ లేదు. నీళ్ల మీద దీపాల హంస కదులుతుంటే ఒడ్డునున్న వాళ్లందరి నోటా ఒక్కసారే అమ్మవారి పేరు లేచింది. ఆ నిమిషంలో తీసిన ఫొటో కాస్త చెదిరింది. తర్వాత నిదానంగా తీసింది పెట్టాను. కృష్ణకు వరద ఎక్కువగా ఉన్న ఏడు వాహనం నదిలో తిరగదు, ఘాట్ దగ్గరే ఉంచి పూజ చేస్తారు. అందుకని ఫొటో కింద వ్యాఖ్యలో ఏ ఏడు తీసిందో తప్పక రాయాలి.

ఫ్రీక్వెన్సీ గడిలో అందరూ "వార్షిక" అని రాసి ముందుకెళతారు. తొంభై పాళ్లు అది సరే. కృష్ణా పుష్కరాలకు మాత్రం అక్కడ "పన్నెండేళ్లకోసారి" అని రాయాలి. తేదీ గడిలో తిథి బదులు "బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు" అని రాయాలి. అక్కడ లెక్క తిప్పేది చంద్రుడు కాదు, గురుడు. కిందటిసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి. దుర్గా ఘాట్‌లో మా అమ్మకు మూడు మునకలు వేయించి, తడిచీరతోనే మెట్ల మీద కూర్చోబెట్టి దీపం వదిలించాను. ఆవిడకు అవే ఆఖరి పుష్కరాలు. ఆ పెట్టెలో 2016 గడి నింపుతున్నప్పుడు అంకెలు నాలుగైనా నాకు చాలాసేపు పట్టింది.

అక్క మరుసటి ఏడు ఫోన్లో వెతకలేదు. భాద్రపదం వెళ్లకముందే నాకు ఫోన్ చేసింది.

"ఈసారి మూల ఎప్పుడో నువ్వే చెప్పరా. నువ్వు రాసిన పెట్టెలో ఉందా?"

"ఉందక్కా. అక్టోబరు 9, బుధవారం. దేవస్థానం వాళ్లు ప్రకటించాకే రాశాను."

"అయితే ఎనిమిదో తారీకు సాయంత్రమే వచ్చి మీ ఇంట్లో పడుకుంటాం. మీ ఆవిడకు చెప్పు."

వచ్చారు. తెల్లవారుజామున మూడింటికి లేచి, పిల్లాణ్ణి ఒకరి తర్వాత ఒకరం ఎత్తుకుని క్యూలో నడిచాం. తెల్లచీరలో వీణతో ఉన్న అమ్మవారి ముందు మాకు దొరికింది రెండు క్షణాలు. కిందికి దిగి ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. ఏడాది ఆలస్యంగా ఆ పలక సంచిలోంచి బయటికొచ్చింది. అక్క వాడి వేళ్ల మధ్య బలపం పెట్టి, పైన తన చెయ్యి వేసి దిద్దించింది. మొదటి గీత వంకర పోయింది. వాడు దాన్ని అరచేత్తో తుడిచేసి, అక్క చెయ్యి పక్కకు నెట్టి, మళ్లీ తనే మొదలుపెట్టాడు.